ఆయన నిలబడ్డ చోటు

కొల్లేటి పక్షుల్ని ఫొటోలు తీసే పిచ్చి ఉన్నవాళ్ళం ఏలూరు చుట్టుపక్కల ఓ అరవై మందిమి ఉంటాం. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, చేపల చెరువుల ఆసాములు, నాలాంటి స్కూలు టీచర్లు, అందరం అందులోనే. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు గూడబాతునో ఎర్రకాళ్ళ కొంగనో పెడతారు, మిగతావాళ్ళం బొటనవేళ్ళు చూపిస్తాం. మొన్నొక సోమవారం పక్షి లేకుండా మెసేజ్ వచ్చింది. ఏలూరు వన్ టౌన్‌లో లెన్సులు బాగుచేసి అమ్మే పెద్దాయన పోయారని. దాని కిందే ఇంకొకటి: "సంతాపసభకి ఫ్లెక్సీ వేయించాలి. పెద్దాయన ఫొటో మంచిది ఎవరి దగ్గరున్నా పెట్టండి."

దణ్ణాలు పెట్టే బొమ్మలు యాభై దాకా వచ్చాయి. ఫొటో ఒక్కటీ రాలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు ఉండబట్టలేక రాశాడు. "ఆయన్ని నేను తక్కువలో తక్కువ ఇరవైసార్లు తీసుంటానండీ. అన్నీ టెస్టు షాట్లే. అప్పటికప్పుడే డిలీట్ చేసేశాను." ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు, నేనూ అంతే, నేనూ అంతే అని ఒక్కొక్కరూ ఒప్పుకున్నారు. లక్షల ఖరీదు చేసే సామాను ఉంది మా దగ్గర. వాటన్నిటి ముందూ ఎన్నోసార్లు నిలబడ్డ మనిషిది ఒక్క ఫొటో లేదు. నాకు సిగ్గుతోపాటు ఒళ్ళు కూడా మండింది. ఎవరిమీద మండాలో తెలియలేదు. డిలీట్ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సాయంత్రం ఆయన కూతురు ఫోన్ చేసింది. షాపులో ఒకటి రెండుసార్లు చూశాను ఆవిడని, నా ఈడుదే.

"నేనండీ, లెన్సుల షాపాయన కూతుర్నండి. నాన్నగారి పుస్తకంలో మీ నంబరు 'గూడెం టీచరమ్మ, దీపాల ఫొటో' అని రాసుందండి. ఇంట్లో ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకేం లేదండి. దాంట్లో నాన్నగారు మా నాన్నగారిలా లేరండి, ఎవర్నో పట్టుకొచ్చి కూర్చోబెట్టినట్టున్నారు. నా పెళ్ళి ఆల్బమంతా తిరగేశానండి, ఆయన మోచెయ్యి దొరికింది. అంతేనండి. మీ దగ్గర ఒక్కటుంటే చూడండి."

చూస్తానన్నాను. లేదని నాకు తెలుసు. తెలిసీ చూస్తానన్నాను.

ఆయన షాపు ఒక సైకిల్ షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది. బోర్డు ఎండకి వెలిసిపోయి 'కెమెరా' అన్న మాట మాత్రం మిగిలింది. లోపల అద్దాల తలుపుల చెక్క బీరువా ఒకటి. అందులో పగలూ రాత్రీ ఒక జీరో వాట్ బల్బు వెలుగుతూ ఉండేది. ఆ వెచ్చదనంలో లెన్సులు వరసగా పడుకుని ఉండేవి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. ఒక వానాకాలమంతా కొల్లేటి గట్టున తిప్పిన లెన్సుని సంచిలో పెట్టి మరిచిపోతే, మళ్ళీ తీసేసరికి అద్దం లోపల బూజు దారాలు దారాలుగా పాకి ఉంటుంది. ఆయనకి అన్నం పెట్టేది ఆ బూజే. అయినా దాన్ని చూస్తే ఆయనకి ఎక్కడలేని కోపమూ వచ్చేది. "సంచిలో పడేశారాండీ? అన్నం తినేసి కంచం కడక్కుండా పడుకుంటారాండీ మీరు?" అని వందెకరాల చెరువులున్న ఆసామిని కూడా అడిగేవారు. మెత్తగానే అడిగేవారు. కోపం పెరిగేకొద్దీ ఆయన గొంతు ఇంకా మెత్తబడేది. పాతవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, మెత్తగా మాట్లాడితే హడలిపోయేవాళ్ళం.

డెబ్బై దాటిన మనిషి. పొడుగు, నడుం కాస్త వంగింది. తెల్ల చొక్కా జేబులో పెన్నంత టార్చిలైటు. లెన్సు ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు. ఆ తరవాత ఎడమకన్ను మూసి, వెనకనించి టార్చి వేసి చూస్తూ నిమిషంపాటు నోరు విప్పేవారు కాదు. ఆ నిమిషం మనం ఎక్సరే చూపించుకుంటున్నట్టు కూర్చోవాలి. షాపులోకి టీ రానిచ్చేవారు కాదు, ఆవిరి వస్తుందని. టీ తాగాలంటే ఆయనా మనమూ రోడ్డు మీదికి రావలసిందే. వాన పడుతుంటే సైకిల్ షాపు రేకుల కింద, టైర్ల మధ్యన నిలబడి తాగేవాళ్ళం.

కొనడానికి వెళ్ళినవాళ్ళని ఆయన ముందు అడిగేది ఎంతలో కావాలని కాదు. "ఎక్కడ నిలబడతారండీ?" అని.

ఒకసారి నా ముందే అత్తిలి నుంచి ఒకాయన వచ్చారు. చెల్లెలి పెళ్ళి, ఏసీ ఫంక్షన్ హాలు, మంచి జూమ్ లెన్సు కావాలన్నారు. ఎక్కడ నిలబడతారని అడిగితే, "ఎక్కడ చోటు దొరికితే అక్కడేనండి" అన్నారు. "అయితే మీకు ఏ లెన్సూ పనికిరాదండి. వెళ్ళి హాలు చూసి రండి. పెళ్ళికూతురి పీట దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టండి. ముహూర్తం ఏ టైముకో ఆ టైముకే వెళ్ళండి" అని తిప్పి పంపేశారు. ఆయన గొణుక్కుంటూ పోయారు. నాలుగోరోజున అరచేతిలో బాల్‌పెన్నుతో అంకెలు రాసుకుని తిరిగొచ్చారని తరవాత విన్నాను. అప్పుడు రెండో ప్రశ్న ఉంటుంది, లైట్లు ఎవరి చేతిలో ఉంటాయని. ఆ తరవాత, తీయబోయే మనిషి ఎంతసేపు కదలకుండా ఉంటారని. ఇవన్నీ అయ్యేసరికి, బేరం చేద్దామని వచ్చినవాళ్ళకి ఆ ఓపిక మిగిలేది కాదు.

అదీ చాలదనిపిస్తే షాపు కట్టేసి తనే వచ్చేవారు. రెండు మూడు లెన్సులు స్టీలు కేరేజీలో పెట్టుకుని, గిన్నెకొకటి, చుట్టూ మెత్తటి గుడ్డలు కుక్కి. బస్సులో ఆ కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆస్పత్రిలో ఎవరికో అన్నం పట్టుకెళ్తున్నారనుకునేవారు. హాలుకి చేరాక, అసలు మనిషి ఎక్కడుంటారో అక్కడికి వెళ్ళి తను నిలబడి "తియ్యండి" అనేవారు. అలా ఆయన పెళ్ళికూతురయ్యారు, పెళ్ళికొడుకయ్యారు, రిటైరయ్యే హెడ్మాస్టరయ్యారు. ఒక నాట్యం కార్యక్రమానికి ముందు, ఆ వయసులో ఒంటికాలిమీద నిలబడ్డారట, పిల్ల ఎంతసేపు ఆగగలదో చూడాలని. పడబోతే ఫొటోగ్రాఫరే వెళ్ళి పట్టుకున్నాడట. తీసినవన్నీ కెమెరా తెరమీద చూసి, లెన్సు ఏదో తేల్చాక, చివర ఒకటే మాట. "నా మొహం తీసెయ్యండి కార్డులోంచి. చోటు వేస్టు." అందరం తీసేసేవాళ్ళం.

నా కథా ఇంతే. కాస్త వివరంగా చెప్పాలి.

మా అమ్మ ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. అక్కడ నర్సింగ్ స్కూలుండేది. ఏటా కొత్త పిల్లలకి దీపాల కార్యక్రమం చేసేవారు. హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చదువుతారు. అమ్మ దాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆ వేళకి ఆయాలకి వార్డుల్లో డ్యూటీ. అంతా వెళ్ళిపోయాక పిలిచేవారు, నేలమీద కారిన మైనం గోకడానికి. పాత బ్లేడు ముక్క పట్టుకుని హాలు ఈ చివరనించి ఆ చివరిదాకా గొంతుక్కూర్చుని గోకేది. "దీపాల రోజంటే నాకు మైనమేనే" అని నవ్వేది.

తరవాత మా చెల్లెలు నేను పనిచేసే తాడేపల్లిగూడెంలోనే నర్సింగులో చేరింది. దాని దీపాల రోజున తల్లిదండ్రుల వరసలో కూర్చోవాలని అమ్మ ఆరు నెలల ముందే చీర తీసి పెట్టుకుంది. ఇంకా మూడు వారాలుందనగా గుండుగొలనులో మా ఇంటి గడప దగ్గరే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి మంచం దిగొద్దన్నారు. అమ్మ ఏడవలేదు. నన్ను పిలిచి, "అది దీపం పట్టుకున్నప్పుడు దాని మొహం ఎలా ఉంటదో నాకు చూపించు. పక్షుల్ని తీస్తావుగా, దీన్నీ తియ్యి" అంది. నాకే ఏడుపొచ్చింది.

హాల్లోకి ఫోన్లు తేకూడదు. కెమెరాకి మాత్రం ప్రిన్సిపల్ గారిని బతిమాలితే ఒప్పుకున్నారు, ఫ్లాష్ వెయ్యకూడదు, స్టేజీ ఎక్కకూడదు అని చెప్పి. నాకు ఎక్కడలేని ధీమా. నా దగ్గర పక్షుల లెన్సుంది. మా వైపు వాళ్ళం చేసే తప్పే అది. కెమెరా పట్టడం మేమందరం కొల్లేటి ఒడ్డున ఆటపాక గట్టుమీద నేర్చుకుంటాం, ఎండలో, చెరువుకి అవతల ఉన్నదాన్ని ఇవతలికి లాక్కుంటూ. పొడుగు లెన్సుంటే లోకంలో దేన్నైనా లాక్కోవచ్చనుకుంటాం. ఒకసారి తుడిపించి తీసుకెళ్దామని మాత్రమే ఏలూరు వెళ్ళాను.

ఆయన లెన్సు వాసన చూశారు, టార్చి వేసి చూశారు, శుభ్రంగానే ఉందన్నారు. దేనికి తుడిపిస్తున్నానో విన్నాక, లేచి షాపు షట్టరు మోకాళ్ళ దాకా దించేశారు. బీరువాలో బల్బు తప్ప గదిలో ఇంకో వెలుగు లేదు. దాని పక్కన నిలబడి, "నన్ను తియ్యండమ్మా" అన్నారు. మొదటిది నల్లగా వచ్చింది. రెండోసారి లెన్సు చాలాసేపు ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి చివరికి క్లిక్కుమంది. తెరమీద ఆయన మొహం ఉండాల్సినచోట పొగ ఉంది.

"ఇదండీ సంగతి. దీనికి ఎండుండాలి. దూరం లాగేకొద్దీ దీని కన్ను మూసుకుపోద్ది. గూడబాతుకైతే ఫర్లేదు. కొవ్వొత్తికి చాలదు."

"మరి ఏది కొనమంటారు బాబాయిగారూ?"

"ముందు ఎక్కడ నిలబడతారో చెప్పండి."

"వెనకాలండి. తల్లిదండ్రులు కూర్చునే చోట."

"స్టేజీ నుంచి ఎన్ని అడుగులు?"

నాకు తెలియదు. ఇంకొకళ్ళు ఈ ప్రశ్నకి నీళ్ళు నమలడం చూసి నవ్విన మనిషిని నేను. ఆయన గొంతు బాగా మెత్తబడింది. "చూసుకోలేదాండీ. సరేలెండి. కార్యక్రమం ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరున్నరకండి."

"అయితే ముందురోజు ఆరున్నరకి నేనే వస్తాను. మీ దగ్గర ఎంతుందో అప్పుడు చెబుదురుగాని."

ఈలోగా నేను యూట్యూబంతా చూసి పండితురాలినయ్యాను. వెనకనించి తీయాలంటే రెండువందల మిల్లీమీటర్ల దాకా లాగే టూ పాయింట్ ఎయిట్ జూమ్ కావాలని తేలింది. ఆ టూ పాయింట్ ఎయిట్ అనేది లెన్సు కన్ను ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే అంకె. అంకె చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువొస్తుంది, ఖరీదు ఇంకా ఎక్కువొస్తుంది. ఆ లెన్సు కొత్తది కొనాలంటే నా ఏడాది జీతం చాలదు. నా దగ్గరున్నది అమ్మ ఆపరేషన్ అయ్యాక మిగిలింది.

చెప్పినట్టే ఆయన కేరేజీతో బస్సు దిగారు. హాల్లోకి రాగానే చెప్పులు విప్పేసి, స్టేజీ అంచు నుంచి వెనక కుర్చీల దాకా మడమకి వేలు ఆనిస్తూ నడిచారు. నలభై ఎనిమిది. మళ్ళీ స్టేజీ దగ్గరికి వెళ్ళి, పక్కన మూడో స్తంభం దాకా నడిచారు. ఇరవై మూడు. స్తంభం పక్కన మైకు స్టాండుంది. హాలు తాళాలు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్‌ని పిలిచారు.

"ఏవండీ, ఈ మైకు ఒక జానెడు అవతలికి జరిపితే ఎవరైనా ఏమైనా అంటారాండీ?"

"ఏమంటారండి, ఎవరూ చూడరు కూడాను."

"ఆయ్. జరుపుదాం అయితే." జరిపి, నావైపు తిరిగారు. "ఇక్కడికీ అక్కడికీ మధ్య ఉన్నదే అమ్మా ఖరీదంతా. మీరు పాతిక అడుగులు ముందుకొస్తే లెన్సు ధర మూడోవంతుకి దిగిపోద్ది. ఆ డబ్బు లెన్సుకి పెట్టక్కర్లేదు, వెళ్ళి ప్రిన్సిపల్ గారిని ఇంకోసారి బతిమాలండి."

కేరేజీ విప్పారు. మొదటి గిన్నెలోది జూమ్ కాదు, ఒకే దూరానికి పనిచేసేది. "వెలుతురు బాగా పట్టుద్ది. కానీ మీరు ఈ స్తంభం వదిలి కదల్లేరు. వరసంతా కావాలన్నా, మొహమొక్కటే కావాలన్నా ఇక్కడ నిలబడే లాగాలి. మీకు జూమే ఉండాలి" అని మూత పెట్టేశారు. రెండోది చిన్న జూమ్, స్తంభం దగ్గర్నుంచి మొహం దాకా అందదు. మూడో గిన్నెలోంచి ఒక నల్లటి లెన్సు తీశారు. యాభై నుంచి నూటయాభై దాకా లాగుతుంది, టూ పాయింట్ ఎయిట్. ఇప్పుడు తయారుచెయ్యడం మానేశారట. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే పక్క షాపులోంచి సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి తొడిగారు.

"అంచున బూజు మచ్చ ఉందండి. కడిగాను, మచ్చ పోలేదు. అందుకే మీకందే ధరకొస్తోంది. మీ చెల్లెల్ని మధ్యలో పెట్టుకోండి, అంచుకి జరపకండి. చీకట్లో దీనికి ఫోకస్ తొందరగా దొరకదు, ముందే చేత్తో సరిచేసి ప్లాస్టరు అంటించెయ్యండి."

"వణుకు ఆపే ఏర్పాటు దీంట్లో లేదు కదండీ" అన్నాను, నా పాండిత్యం ఊరుకోక.

"లేదండి. స్తంభం ఉంది." భుజం దానికి ఎలా ఆనించాలో చూపించారు. "అయినా ఆ ఏర్పాటు మీ చెయ్యి వణుకు ఆపుద్ది గానీ మీ చెల్లెలి వణుకు ఆపదు కదండీ."

జేబులోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి, చెల్లెలి చోటు ఏదని అడిగారు. ఎడమనించి మూడోది. వెళ్ళి అక్కడ నిలబడ్డారు. వాచ్‌మన్ లైట్లు ఆర్పేశాడు. ఆయన ఏదో చదువుతున్నట్టు పెదాలు కదిపారు, తీయమన్నారు. ఫొటోలో పెదాలు చెరిగిపోయాయి.

"ప్రమాణం చదివేటప్పుడు తియ్యకండమ్మా, ఎంత లెన్సయినా దండగ. ఆఖరిమాట అయ్యాక అందరూ ఒక్కసారి ఊపిరి వదుల్తారు. అప్పుడు రెండు క్షణాలు ఎవరూ కదలరు. అదే మీది. ఇప్పుడు చూడండి." ఊపిరి వదిలారు. కదలకుండా నిలబడ్డారు.

కుడిచేతిలో కొవ్వొత్తి, గాలి తగలకుండా ఎడమ అరచెయ్యి అడ్డం. వంగిన నడుం నిటారుగా అయింది. తల కొంచెం వంచి ఆ మంటనే చూస్తున్నారు, రేపు పొద్దున్న ఎవరి ప్రాణమో తన చేతిలో పెడతారన్నంత బాధ్యతగా. నాకు ఆయన ముసలాయన అన్న సంగతి మరుపొచ్చింది. తీశాను. మొహం సూదిమొనలా స్పష్టంగా వచ్చింది. లైట్లు వేశాక, చెల్లెలికి చోటు చూపించాలి కదా, ఆ ఫొటోని కెమెరా తెరమీద పెట్టి, నా ఫోనుతో ఆ తెరని ఫొటో తీసి పంపించాను. "ఈయన నిలబడ్డచోటే నిలబడు, అటూ ఇటూ జరక్కు" అని రాశాను.

అది అయ్యాక ఆయన అడిగారు. "ఈ ఫొటో ఎవరు చూస్తారమ్మా?"

అన్ని ప్రశ్నలూ అయ్యాక ఆఖర్న అడిగేది అదేనని నాకు అప్పుడు తెలిసింది. చెప్పాను. అమ్మ తుంటి సంగతి, ముప్పై ఏళ్ళ మైనం సంగతి.  ఆయన కిందికి చూశారు. ఆయన నిలబడ్డచోట నాలుగైదు మైనం బొట్లు పడి ఉన్నాయి. జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీసి, గొంతుక్కూర్చుని గోకడం మొదలుపెట్టారు.

"ఉంచండి బాబూ, రేపెలాగూ పడేదే" అన్నాడు వాచ్‌మన్.

"రేపటిది రేపండి. ఇది నాది."

పూర్తిగా గోకి, ఆ మైనం కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుని లేచారు. లేవడానికి నా చెయ్యి కావలసొచ్చింది. లెన్సు ధర చెప్పారు. నేను అనుకున్నదానికంటే తక్కువే. "ఇంక నా మొహం తీసెయ్యండి. రేపు కార్డు ఖాళీగా ఉండాలి" అని పక్కనే నిలబడి, మొత్తం చెరిపేయించి, తెర ఖాళీ అయ్యిందాకా చూసి మరీ వెళ్ళారు.

మర్నాడు స్తంభానికి ఆనుకున్నాను. ఆఖరిమాట అయింది, నలభై మంది ఆడపిల్లలు ఊపిరి వదిలారు. మా చెల్లెలు మంటని చూసింది. ఆ రెండు క్షణాల్లో మొహం ఒకటి, జూమ్ వెనక్కి తిప్పి వరసంతా ఒకటి తీశాను. ప్రింట్లు వేయించి గుండుగొలను పట్టుకెళ్తే, అమ్మ ముందు వరసంతా ఉన్నదే చూసింది, అందులోనూ చేతులకేసి. "కొవ్వొత్తులకి కింద కాగితం కప్పులు పెట్టారే. మైనం నేలమీద పడదు. ఎవరికొచ్చిందో మంచి ఆలోచన" అంది. తరవాత రెండోది తీసుకుని చెల్లెలి మొహం చూసింది. చాలాసేపు చూసింది. "ఇదా" అంది. "ఇన్నేళ్ళూ నేను బయటుంటే లోపల జరిగింది ఇదా."

ఆ మాట ఏలూరు వెళ్ళి ఆయనకి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని సైకిల్ షాపు ముందు నిలబడి ఉన్నాం. ఆయన గ్లాసు అక్కడే బల్లమీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి వచ్చి, "కప్పులు మంచి ఆలోచనేనండి" అన్నారు. అంతకుమించి ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. నా నంబరు పక్కన ఏం రాసుకున్నారో ఆయన పోయాకే తెలిసింది.

కూతురికి మాట ఇచ్చిన రోజున పాత కార్డు తీసి, చెరిపేసినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేరేదో పెట్టి కూర్చున్నాను. మూడు గంటలు తవ్వితే గూడబాతులు బయటికొచ్చాయి. ఆ తరవాత అదే కార్డుమీద ఎన్ని వందల పక్షుల్ని తీశానో. ఆయన మీద గూడబాతుల్ని నింపేశానని నన్ను నేను తిట్టుకుంటుంటే చెల్లెలు ఫోన్ చేసింది. ఇప్పుడది రాజమండ్రిలో నర్సు. సంగతంతా చెప్పాను.

"ఆ తాతగారా?" అంది. "ఆయన నా దగ్గరున్నారు కదక్కా."

ఆ రోజు దానికి పంపిన సంగతి నేను మరిచేపోయాను, ఆ ఫోను కూడా ఎప్పుడో మార్చేశాను. చెవి దగ్గరే మెసేజ్ వచ్చిన చప్పుడైంది, తెరిచాను. తెరని తీసిన ఫొటో. పైనుంచి కిందికి ట్యూబులైటు గీత ఒకటి. ఒక మూల నా బొటనవేలు. కింద షట్టరు వేగం అంకెలు, టూ పాయింట్ ఎయిట్. వాటన్నిటి మధ్యా మంటకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన.

"ఇన్నాళ్ళూ ఎందుకుంచావే దీన్ని?"

"ఆ రోజు నాకు కాళ్ళు ఒకటే వణుకక్కా. హాల్లోకి వెళ్ళేముందు హాస్టల్లో దీన్నే చూసుకున్నాను. ఈ తాతగారు నిలబడ్డట్టు నిలబడితే చాల్లే అనుకున్నాను. తరవాత తీసెయ్యబుద్ధి కాలేదు."

ఆ ఆదివారం ప్రింటు వేయించుకుని ఏలూరు పవర్‌పేట స్టేషన్లో రైలు దిగాను. షాపు షట్టరు సగం తీసి ఉంది. ఆయన కూతురు లోపల కూర్చుని ఉంది. ఫ్లెక్సీ వేసే ఆయన కూడా వచ్చాడు. ఫొటో చూసి, "ఆ గీత తీసేద్దామండి, వేలు తీసేద్దాం, కింద అంకెలు కూడా తీసేసి వెనకాల నీలంరంగు మేఘాలు పెడదాం" అన్నాడు.

ఆవిడ ఫొటో దగ్గరగా పెట్టుకుంది. ఎడమకన్ను మూసి చూసింది. 

"ఏం తియ్యకండి" అంది. "అంకెలుండనివ్వండి. నాన్నగారైతే ముందు అవే చూస్తారు." ఫ్లెక్సీ ఆయన అలాగేనని, ఆ ఫొటో తన ఫోనులోకి పంపించుకుని వెళ్ళిపోయాడు.

తరవాత ఆవిడ అడిగింది. "ఎవరి కోసం నిలబడ్డారండీ ఇక్కడ?"

"మా చెల్లెలి కోసమండి. మా అమ్మ చూడాలని."

"ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా ఫొటోకి నిలబడలేదండి. నా పెళ్ళిలో కూడా, ముందురోజు నా పీటమీద ఆయనే కూర్చుని చూసుకున్నారంట. తెల్లారి నేను కూర్చునేసరికి కెమెరా వెనక్కెళ్ళిపోయారు." ఏడవకుండానే చెప్పింది. ఏడుపు అంతకుముందే అయిపోయినట్టుంది.

బీరువా చూశాను. లెన్సులు చాలామటుకు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. మధ్య అర ఖాళీ. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆవిడ అద్దం తలుపు తెరిచి, ఫొటోని ఆ అరలో, బల్బుకి ఎదురుగా నిలబెట్టింది.

"ఇందులో అయితే బూజు పట్టదండి" అంది. తలుపు వేసి, నావైపు చూసింది. "కనబడుతున్నారాండీ?"

నేను గుమ్మం దిగాను. వెనక్కి వెనక్కి, మడమకి వేలు ఆనిస్తూ, సైకిల్ షాపు ముందు మేము టీ తాగే చోటుదాకా నడిచాను. పదకొండు అడుగులు. అక్కడ్నుంచి చూస్తే అద్దంమీద వీధి వెలుగు పడటం లేదు. ఆయన మొహం స్పష్టంగా ఉంది.

"కనబడుతున్నారండి" అన్నాను.

"అయితే అక్కడే ఉండండి" అని, ఆవిడ చెప్పులు విప్పేసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నా దగ్గరికి బయల్దేరింది.